పదకొండో నంబరు గది, తొంభై నాలుగు పిడికిళ్లు

"తాళం వేసింది మీరు. తాళంచెవి దాచింది మీరు. ఇప్పుడు ఆ గదికి ఎవరూ రావడం లేదని రాసుకుంటున్నదీ మీరేనా? సిగ్గుండాలి!"

ఆసుపత్రి సూపరింటెండెంటు గదిలో కత్తెర వేసిన కేక బయట చీటీల వరసలో నిలబడ్డవాళ్ల దాకా వినపడింది. ఆమెకు ఆ పేరు పెట్టింది బట్టల ఫ్యాక్టరీ. తొమ్మిదేళ్లు అక్కడ కటింగ్ టేబుల్ దగ్గర గుడ్డ కోసింది. నాలుకదీ అదే పదును. మహమ్మారి వచ్చి ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక పరిశోధన సంస్థలో ఫోన్లు చేసి ఫారాలు నింపే పనికి కుదిరింది. ఇళ్లలో బందీలైన ఆ రోజుల్లో పడుచు ఆడవాళ్ల నెలసరి, గర్భం, మాత్రలు, రోగాలు ఏమయ్యాయో కనుక్కోవడం ఆ పరిశోధన.

గొడవల్లా పదకొండో నంబరు గది గురించి. పెళ్లయిందా అని ఆరా తియ్యకుండా మాత్రలిచ్చే గది అది. నెల తప్పితే తిట్టకుండా పరీక్ష చేసే గది. మంట అంటే మంట, దురద అంటే దురద, నవ్వకుండా వినే గది. మహమ్మారి మొదటి వారంలో ఆక్సిజన్ సిలిండర్లు దాచుకోవడానికి దానికి తాళం వేశారు. సిలిండర్లు వెళ్లిపోయి రెండేళ్లయింది. తాళం మాత్రం వెళ్లలేదు. పైగా ఆ పొద్దున తలుపు మీద కాగితం అంటించారు: వచ్చే సోమవారం కమిటీ తీర్మానం కాగానే ఇది పాత రికార్డుల గది.

సూపరింటెండెంటు కోప్పడలేదు. కోప్పడి ఉంటే కత్తెరకి అంత మండేది కాదు.

"కూర్చోమ్మా. నేనేమన్నా కక్ష కట్టానా? పరిశోధనే చెప్తోంది, ఆడవాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదని. ఇవిగో నూట ఎనభై ఆరు ఫారాలు. చేతిరాత ఎవరిదో చూసి చెప్పు."

చేతిరాత ఆమెదే.

ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు, ఇబ్బంది లేదు. ఫోన్లో ఆ మాట విన్న ప్రతిసారీ కత్తెర సంతోషించింది. నిజం చెప్పాలంటే, పని తొందరగా తెములుతోందని సంతోషించింది. ఇప్పుడు తన గీతలే తన చెంప ఛెళ్లుమనిపించాయి. తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చి, తిన్నగా చెల్లెలి ఇంటికి నడిచింది.

చెల్లెలు అదే ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని చేస్తుంది. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచారు, ఆమె మళ్లీ చేరింది. ఆ నూట ఎనభై ఆరుగురిలో ఆమే ఒకతె. పెరట్లో బట్టలు పిండుతూ అక్క చెప్పిందంతా విని, ఒక్కసారి నవ్వింది.

"నువ్వు ఫోన్ చేసి, 'నమస్కారం, మీ వయసెంత' అన్నావు, గుర్తుందా? నాకంటే నాలుగేళ్లు పెద్దదానివి, నా వయసు నీకు తెలీదూ?"

"ఫారంలో అలాగే ఉందే."

"ఆ తర్వాత, 'గర్భం రాకుండా మాత్రలు దొరికాయా' అన్నావు. ఆ ఫోన్ మీ మరిదిది. స్పీకరు పెట్టాడు. ఆయన మంచం మీద, మా అత్త గుమ్మంలో. ఏం చెప్పమంటావు? దొరకలేదు, కడుపొచ్చింది, మందుల కొట్టువాడు చేతికిచ్చిన బిళ్లలు మింగాను, పద్దెనిమిది రోజులు రక్తం పోయింది అని చెప్పనా?"

పిండడానికి సాయంగా పట్టుకున్న చీర కొసని కత్తెర బకెట్లో వదిలేసింది.

"నాకెందుకు చెప్పలేదే? నీ సొంత అక్కని."

"నువ్వు అక్కలాగా అడగలేదు. ఫారంలాగా అడిగావు."

అప్పుడు గుర్తొచ్చింది నాలుగో గడి. 'పక్కన ఎవరైనా ఉన్నారా?' అని ప్రతి ఫారంలోనూ ఒక ప్రశ్న ఉంది. కటింగ్ టేబుల్ మీద నలభై పొరలు పేర్చి ఒక్క కోతతో కోసిన చెయ్యి కదా! ఫోన్ ముట్టుకోకముందే కట్ట ముందేసుకుని, నాలుగో గడిలో వరసగా 'లేరు, లేరు, లేరు' అని నింపేసింది. ఆడవాళ్ల గొంతు కోసింది ఎవరో కాదు, తనే.

ఏడవడానికి తీరిక లేదు. సోమవారానికి ఐదు రోజులే ఉన్నాయి.

"మళ్లీ అడుగుతాను," అంది.

"నోటితో చెప్పమంటే ఎవరూ చెప్పరు," అంది చెల్లెలు. "చేత్తో చెప్పమను."

ఆ నూట ఎనభై ఆరుగురిలో తొంభై నాలుగు మంది ఆ ఫ్యాక్టరీలోనే ఉన్నారు. మర్నాడు కత్తెర చెల్లెలి వెంట తన పాత ఫ్యాక్టరీకి వెళ్లింది. టీ విరామంలో, గుడ్డల గోదాంలో, తానుల చాటున ఐదు అట్టపెట్టెలు వెలిశాయి. ఒక్కో పెట్టె మీద ఒక్కో ప్రశ్న. ప్రతి మనిషికీ ఐదు తెల్ల గుండీలు, ఐదు నల్ల గుండీలు. అవునంటే తెల్లది, కాదంటే నల్లది. మిగిలినవి సంచిలో పడెయ్యాలి. గుండీ పడిన చప్పుడు కూడా బయటికి రాకుండా పెట్టెల అడుగున గుడ్డపీలికలు పరిచారు. చదువు రానివాళ్లకి చెల్లెలు ఐదు ప్రశ్నలూ వరసగా చెప్పి పంపింది. ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి, పిడికిలి మూసి వెళ్లాలి.

"మా ఆయన మీద కూడా ఒక పెట్టె పెట్టవే కత్తెరా," అంది కాజాలు కుట్టే ఆవిడ. "ఇంటి నుంచి సంచెడు నల్ల గుండీలు తెస్తా."

"ఆ పెట్టె చాలదు వదినా, లారీ కావాలి."

నవ్వులు విని సూపర్‌వైజరు తొంగిచూశాడు. "ఏంటీ వరస?"

"గుండీలు సరిచూస్తున్నాం సార్," అంది కత్తెర. అబద్ధమేం కాదు.

లోపలికి నవ్వుతూ వెళ్లినవాళ్లు నవ్వుతూ రాలేదు. కొందరు కళ్లు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చున్నారు. మూడు రోజుల టీ విరామాల్లో తొంభై నాలుగు పిడికిళ్లూ విప్పుకున్నాయి.

సోమవారం కమిటీ బల్ల మీద కత్తెర ఐదు పెట్టెలూ పెట్టింది. పరిశోధన నడిపే ప్రొఫెసరమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

"అందరికంటే ముందు నా తప్పు," అంది కత్తెర. "నాలుగో గడి నేను గుడ్డిగా నింపాను. నా ఉద్యోగం తీసెయ్యండి. కానీ మేడమ్, జనమంతా ఇళ్లలో బందీలైన రోజుల్లో, నూట ఎనభై ఆరు ఇళ్లలో పక్కన ఒక్క మనిషీ లేడంటే మీకెలా నమ్మబుద్ధయింది?"

ప్రొఫెసరమ్మ పెట్టెలు బోర్లించి గుండీలు తనే లెక్కపెట్టింది. మాత్రలు దొరకనివాళ్లు ఫోన్ ఫారాల్లో ముగ్గురు. గుండీల్లో అరవై ఒక్కరు. అక్కర్లేని కడుపు మోసినవాళ్లు ఫారాల్లో సున్నా. గుండీల్లో ఇరవై ఎనిమిది. చివరి పెట్టె మీది ప్రశ్న: 'ఫోన్లో అడిగినప్పుడు నిజం చెప్పావా?' తెల్లవి పదిహేడు. నల్లవి డెబ్బై ఏడు.

ఆమె పెన్ను తీసి, బల్ల మీదున్న ఫోన్ ఫారాల నివేదిక కింద తన సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. "ఇది చెల్లదు. నేను చూడాల్సింది, చూడలేదు."

"గుండీలు చూసి గదులు తెరుస్తామా?" అన్నాడు సూపరింటెండెంటు.

"అయితే కిటికీలోంచి చూడండి," అంది కత్తెర.

కింద ఆవరణ నిండా, రోడ్డుకి అవతలే ఉన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆప్రాన్లు. తొంభై నాలుగు మంది. ఎవరు ఏ గుండీ వేశారో ఎవరికీ తెలీదు. అందుకే అందరూ రాగలిగారు. మూసిన పిడికిళ్లు పైకెత్తి నిలబడ్డారు. చెల్లెలు అరిచింది: "టీ విరామం పదిహేను నిమిషాలే సార్! కాస్త త్వరగా తియ్యండి!"

రెండేళ్లుగా దొరకని తాళంచెవి సొరుగులో నాలుగు నిమిషాల్లో దొరికింది.

తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. పరీక్ష బల్ల మీద దుమ్ము వేలు మందాన ఉంది. చెల్లెలు ఆప్రాన్ విప్పి దాంతోనే తుడిచింది. వెనక నుంచి కేకలు, ఈలలు, చప్పట్లు. కాజాల ఆవిడైతే గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఇల్లు కొనుక్కున్నంత గర్వంగా లోపలికి చూసింది.

కత్తెర మాత్రం లోపలికి పోలేదు. సూపరింటెండెంటుకీ ప్రొఫెసరమ్మకీ అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది.

"ఇలాంటి గదులు ఊళ్లో ఇంకా నాలుగున్నాయి, నాలుగింటికీ తాళాలే. ఆ ఫోన్ ఫారాలు చించెయ్యండి. ప్రతి పిల్లనీ మళ్లీ అడగండి, మొగుడి ఫోన్లో కాదు, తలుపు మూసిన గదిలో. మాత్రలు పెట్టండి, నర్సుని కూర్చోబెట్టండి. ఆ నాలుగు తాళాలూ తియ్యండి. రేపు కాదు, ఈ పూటే."