పేరు చెరిగిన ట్యూబు

ల్యాబు నుంచి ఫోను వచ్చేసరికి పశువుల డాక్టరమ్మ రబ్బరు బూట్లలోంచి చెరువు నీళ్లు ఒంపుకుంటోంది. అవతలి గొంతు తాపీగా చెప్పింది.

"మీరు పంపిన ఆరు ట్యూబుల్లో ఒకదాంట్లో బర్డ్ ఫ్లూ ఉంది మేడమ్. ఏదని మాత్రం అడక్కండి. ఒక్కదాని మీదా పేరు లేదు."

"లేకపోవడమేంటి? నా చేత్తో నేను రాశాను."

"రాసే ఉంటారు. మా దగ్గరికి తెల్లగా వచ్చాయి."

ఆమె మెల్లగా అటెండరు వైపు తిరిగింది. ఆఫీసంతా స్పిరిట్ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన అప్పుడు కూడా తడి దూదితో బల్ల తుడుస్తున్నాడు. కుర్చీల చేతులు, తలుపు గొళ్లాలు, టీ గ్లాసులు, ఆయన దూది బారిన పడని వస్తువు ఆ ఆఫీసులో లేదు. ట్యూబులు పెట్టెలో సర్దే ముందు పైన స్పిరిట్‌తో తుడవాలని ఆయనకి నేర్పింది ఆమే. రాత మీద టేపు చుట్టాక తుడిస్తే ఏ గొడవా ఉండదు. ఈసారి టేపు లేదు. దానికోసం ఆమె స్టోరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. స్టోరు గుమాస్తా మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. చెరగని ఇంకే కదా, పోనీలే అని టేపు లేకుండానే రాసి పంపేసింది. నీళ్లకి చెరగని ఇంకు స్పిరిట్‌కి చెరుగుతుందని ఆమెకి తెలియక కాదు, ఆ పూట గుర్తు రాలేదు.

"ట్యూబులు తుడిచావా బాబాయ్?"

"అద్దంలా తుడిచానమ్మా," అన్నాడాయన, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టడానికి మాత్రం తను తప్ప ఎవరూ దొరకలేదు.

ఆ ఆరింట్లో మూడు చలికాలం ఎక్కడి నుంచో వచ్చి చెరువులో దిగే వలస పక్షుల రెట్టలు. మిగతా మూడూ చెరువు గట్టున బాతుల్ని మేపుకునే ఆవిడ మందలోవి, గొంతులో దూదిపుల్ల తిప్పి తీసినవి. జబ్బు వలస పక్షులదైతే బాతుల్ని చెరువుకి దూరంగా తోలేస్తే చాలు. బాతులదైతే మంద మొత్తాన్ని చంపాలి. పెంచిన మనిషి బతుకు కూడా దాంతోనే పోతుంది.

పెద్ద డాక్టరు ఈ తేడాని అరక్షణంలో తేల్చేశాడు.

"ఎగిరేవాటిని మనమేం చెయ్యలేం. బాతులవే అనుకుందాం. తీసేస్తే గొడవ వదిలిపోతుంది."

"అనుకుని చంపుతామా సార్?"

"నీ ట్యూబుల మీద పేర్లుంటే అనుకోవాల్సిన పని ఉండేది కాదు."

ఆ మాట సూటిగా తగిలింది. అయినా ఆమె కుర్చీ వదల్లేదు. బాతుల నుంచి మళ్లీ తీస్తానని చెవినిల్లు కట్టుకుని పోరింది. ఆయన చివరికి విసుక్కుంటూ ఒప్పుకున్నాడు. అయితే ఫలితం వచ్చేదాకా మంద ఉన్నచోటు నుంచి కదలకూడదు, కదిలితే పూచీ ఆమెదే అన్నాడు.

ఆమె గట్టు మీదికి వెళ్లేసరికి బాతులావిడ గుడారం విప్పుతోంది. ఊరంతా ఆమెని వదిన అనే పిలుస్తారు. ఎవరికి వదినో ఎవరికీ తెలియదు.

"కోసిన పొలాల్లో గింజలు రాలున్నాయి డాక్టరమ్మా. రేపు తోలుకుపోతున్నా. ఇక్కడ బురద తప్ప ఏముంది?"

"జబ్బు వీటిదో ఆ వలస పక్షులదో తేలేదాకా ఆగాలి వదినా. ఆగితేనే వీటికి బతుకు. వెళ్తే ఇప్పుడే చంపమంటారు. తడికల్లోనే ఉంచు, నీళ్లలోకి వదలకు."

"మేత?"

"ఆఫీసు నుంచి దాణా పంపిస్తా."

వదిన విప్పిన తాళ్లు మళ్లీ కట్టడం మొదలుపెట్టింది.

"నీ మాట మీద ఆగుతున్నా. ఆఫీసు మాట మీద కాదు."

ఇక ఆఫీసు తన ఘనత చూపించుకుంది. దూదిపుల్లలు వేసే కొత్త ట్యూబులు ల్యాబు నుంచి రావాలి. ల్యాబుని అడిగితే పంపేశామన్నారు, బండి అతన్ని అడిగితే ఎక్కించలేదన్నాడు. దాణా సంగతి ఇంకా అందంగా ఉంది. జబ్బు తేలిన మందకే దాణా ఇవ్వాలట, జబ్బు తేలిన మందని చంపేస్తారు కాబట్టి దాణా అక్కర్లేదట. ఈ ముక్క చెప్పిన గుమాస్తా నవ్వనైనా నవ్వలేదు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఇంట్లో ఉన్న నూకల బస్తా బండి మీద వేసుకుని గట్టుకి తీసుకెళ్లింది. సాయంత్రం అత్తగారు వంటింట్లో వెతికారు.

"నూకలేవే?"

"బాతులకి పెట్టానత్తయ్యా."

"మంచి పని చేశావ్. రేపు బియ్యం కూడా తీసుకెళ్లు. మేం వెళ్లి చెరువులో మేస్తాం."

అన్నారు గానీ, మర్నాడు ఆవిడే ఇంకో సంచి నిండా తవుడు సంపాదించి గుమ్మం దగ్గర పెట్టారు. అంత మందకి అది ఏ మూలకి? ఒక పూటకి కూడా చాలలేదు.

ట్యూబులు వచ్చిన రోజు పొద్దున్నే ఆమె గట్టెక్కి చూసి అక్కడే ఆగిపోయింది. తడికలు ఖాళీగా ఉన్నాయి. బాతులన్నీ చెరువులో ఉన్నాయి. వలస పక్షుల మధ్య, వాటి రెట్టలు కలిసిన ఆ నీళ్లలోనే తలలు ముంచి ఆబగా మేస్తున్నాయి. వదిన ఒడ్డున కూర్చుని చూస్తోంది.

"వద్దన్నాను కదా వదినా."

"ఆకలికి అరుస్తుంటే చెవులు మూసుకుని కూర్చోమంటావా? రెండు రోజులు కూర్చున్నా. ఇంక నావల్ల కాక మొన్న వదిలేశా."

దాణా పంపిస్తానన్న మనిషి ఏ మొహం పెట్టుకుని కేకలేస్తుంది? డాక్టరమ్మ ఒక్కో బాతునీ పట్టి దూదిపుల్ల తిప్పింది. ఈసారి ప్రతి ట్యూబు మీదా సూదితో గీకి పేరు రాసి, పైన టేపు చుట్టింది. ఆ టేపు ఆమె సొంతంగా కొన్నది. స్పిరిట్ బాబాయ్ పక్కనే నిలబడ్డాడు గానీ దూది జేబులోంచి తీయలేదు.

ఫలితం తొందరగానే వచ్చింది. బాతుల ట్యూబులన్నింట్లోనూ జబ్బుంది. పేర్లు ముత్యాల్లా కనిపిస్తున్నాయని ల్యాబువాళ్లు మెచ్చుకున్నారు కూడా. "నేను ముందే చెప్పలేదూ," అన్నాడు పెద్ద డాక్టరు. పుండు మీద కారం చల్లడంలో ఆయనకి సాటి లేదు.

తెల్ల సూట్లు, మాస్కులు వేసుకున్న మనుషులు గట్టు మీద దిగేసరికి బాతులు బెదిరి రెల్లులోకి దూరాయి. వలలు పట్టుకుని ఎంతసేపు తరిమినా ఒక్కటీ చిక్కలేదు. వాళ్ల మేస్త్రీ ఆయాసపడుతూ వచ్చాడు.

"ఆవిడ పిలిస్తే వస్తాయట మేడమ్. మీరే అడగండి."

అడగాల్సింది మళ్లీ తనే. డాక్టరమ్మ వెళ్లి వదిన ఎదురుగా నిలబడింది. ఆమె నోరు తెరవకముందే వదిన అందుకుంది.

"పిలుస్తాలే. ముందు ఒక్కటి చెప్పు. మొదటిసారి తేలిన జబ్బు మావాటిదా, ఆ వచ్చిన పక్షులదా? మావాటిదే అయితే ఎక్కడున్నా పోయేవే అనుకుంటా. కాకపోతే, ఆ రోజు నీ మాట వినకుండా వెళ్లిపోయుంటే బతికేవి."

"మీవే" అనే మాట డాక్టరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు. ఈమె ఆగినందుకు ఏడవదు, ఆపినందుకు తను ఏడవక్కర్లేదు. అబద్ధమని నిరూపించగలిగేవాళ్లు లోకంలో ఎవరూ లేరు.

"తెలీదు వదినా," అంది. "ఇంకెప్పటికీ తెలీదు. నావల్లే."

వదిన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది డాక్టరమ్మకి. తర్వాత వదిన లేచి తడిక తలుపు దగ్గరికి నడిచి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని బా, బా, బా అని పిలిచింది. రెల్లు కదిలింది. బాతులు మేతకే అనుకుని వరస కట్టి ఈదుకుంటూ వచ్చాయి, ఒడ్డెక్కి ఆమె కాళ్ల పక్కనుంచి ఒకటొకటిగా లోపలికి దూరాయి. ఆఖరిది కొంచెం వెనకబడింది. అది వచ్చేదాకా వదిన పిలుస్తూనే ఉంది, గొంతు మామూలుగానే ఉంది. అదీ లోపలికి వెళ్లాక డాక్టరమ్మ తన చేత్తో తలుపు మూసింది.