నల్లతీగలో కరెంటు

ఇబ్రహీంపట్నంలో కరెంటు పని నేర్చిన ఆడపిల్ల కృపారాణి ఒక్కతే. జగిత్యాల ఐటీఐలో చేరడానికి వెళ్లిన రోజు అక్కడి గుమస్తా కుట్టుపనిలో సీటుందని చెప్పాడు. తనకు ఎలక్ట్రీషియన్ సీటే కావాలందామె. పక్కనున్న తండ్రి పోశం ఊళ్లో సగం ఇళ్లకు పునాదులు తవ్విన కూలి మనిషి. ఆఫీసుల్లో నోరు విప్పని ఆయన కూడా ఆ రోజు, "మా బిడ్డ అడిగిందే రాయి సారూ" అన్నాడు.

రెండేళ్లు మగపిల్లల మధ్య ఒక్కతే కూర్చుని చదివి, మంచి మార్కులతో బయటికి వచ్చింది. అయినా ఊళ్లో ఆమెను పిలిచేది మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగు చేయడానికే. ఇంటి వైరింగు పని మాత్రం ఎవరూ అప్పజెప్పలేదు.

అది 2011 సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. అంజవ్వ కట్టుకుంటున్న కొత్త ఇంటికి జగిత్యాల నుంచి రావాల్సిన కరెంటు మేస్త్రీ, ఇప్పట్లో రాలేనని ఫోన్ చేశాడు. గోడల్లో పైపులు వేయడం అయిపోయింది, తీగలు లాగడమే మిగిలింది. అంజవ్వ భర్త ఐలయ్య దుబాయిలో ఉంటాడు. దసరాకు ఇంట్లో దిగాల్సిందేనని అత్త ముత్తవ్వ పట్టుబట్టింది. దిక్కుతోచక అంజవ్వ పోశం వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"చేస్తవా చెల్లె?"

"చేస్త అక్కా. కని మంచిగ చేయనిస్తెనే చేస్త."

ముత్తవ్వకు ఇది నచ్చలేదు. "మొగోళ్ల పని గిది. రేపు ఏమన్నయితె ఎవలు జవాబు చెప్తరు?" అంది అందరికీ వినబడేలా. కృపారాణి కొత్తింటికి వెళ్లి మూలనున్న తీగచుట్టల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అన్నీ ఎర్రవే, అన్నీ సన్నవే.

"గివి వాపస్ ఇయ్యాలె అక్కా."

"ఏంది? మేస్త్రీ చెప్పినయే తెచ్చిన. గోడలకు పోయినంక రంగు ఎవలు చూస్తరు?"

"నా తర్వాత బోర్డు ఇప్పెటోడు చూస్తడు. ఎర్రదాంట్ల కరెంటు వస్తది, నల్లదాంట్ల వాపస్ పోతది. ఆకుపచ్చది ఎర్తు, భూమిలకు పోతది. అన్నీ ఎర్రగనే ఉంటె వానికి ఏది ఏందో ఎట్ల తెలుస్తది? తెల్వక ముట్టుకున్నడనుకో, పానం పోతది."

అంజవ్వ చుట్టలన్నీ సంచిలో వేసుకుంది.

మర్నాడు ఇద్దరూ ఆటోలో కోరుట్ల బయలుదేరారు. కోరుట్ల మొదట్లోనే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగించి సమ్మెలో ఉన్న టీచర్లు వంటావార్పు చేస్తున్నారు. ఆటో అక్కడే ఆగిపోయింది. సంచులు మోసుకుంటూ నడిచిపోతుంటే ఒకావిడ పిలిచి ఇద్దరికీ విస్తళ్లలో అన్నం, పప్పు పెట్టింది. తిని, తీగలు కొన్న దుకాణానికి చేరేసరికి యజమాని సగం షట్టరు దించుకుని కూర్చున్నాడు.

"ఎలక్ట్రీషియన్‌ను తోల్కరాండ్రి, గప్పుడు మారుస్త" అన్నాడు.

"నేనే ఎలక్ట్రీషియన్" అంది కృపారాణి. "లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర ఎమ్ఎమ్ తీగ. ప్లగ్గులకు రెండున్నర. గీజరుకు, మోటరుకు నాలుగు. మూడు రంగులల్ల ఇయ్యి. సన్నతీగ మీద గీజరు పెడితె తీగ కాగి, పైనున్న తొడుగు కరిగి, గోడలనే అంటుకుంటది. నీకు ఎర్కలేనిది కాదు గద అన్నా."

దుకాణదారు ఆమె ముఖంలోకి చూశాడు. లేచి షట్టరు పూర్తిగా ఎత్తాడు.

పని పన్నెండు రోజులు పట్టింది. పగలు కరెంటు ఉన్నా లేకున్నా ఆమె చెయ్యి ఆగలేదు. స్టీలు స్ప్రింగును పైపులోకి తోసి, అవతలి కొసకు తీగలు కట్టి లాగుతుంటే అంజవ్వ అవతలి నుంచి అందించేది. స్విచ్చు ఆపితే దీపానికి కరెంటు అందకూడదని, ప్రతి స్విచ్చుకూ ఎర్రతీగే వచ్చేలా చూసింది. ఇంటి వెనక ఎర్తు గొయ్యి మాత్రం పోశం తవ్వాడు. పైనుంచి కూతురు కొలత చెబుతుంటే, ఆయన మనిషి లోతున దిగి, పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా నింపాడు.

"గిన్ని గుంతలు తవ్విన గని బిడ్డా, నువ్వు చెప్తె తవ్వుడు గిదే మొదలు" అన్నాడు నుదురు తుడుచుకుంటూ. ఆ మాటంటున్నప్పుడు ఆయన నవ్వు దాచుకోలేకపోయాడు.

దసరా నాడు అంజవ్వ కుటుంబం ఇంట్లో దిగింది. తర్వాతి వారం సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. వీధి మొదట్లో ఉన్న స్తంభం దగ్గర రెండు తీగలూ తెగిపడ్డాయి. లైన్‌మన్ కూడా సమ్మెలో ఉండటంతో, మర్నాడు పొద్దున్నే వీధివాళ్లెవరో తొందరపడి స్తంభమెక్కి కలిపారు. లైట్లు వెలిగాయి, అందరూ సంతోషించారు.

ఆ ఉదయం కృపారాణి వంటింట్లో మిగిలిపోయిన ఫ్యాను బిగించడానికి వచ్చింది. అలవాటుగా ముందు బోర్డు విప్పి టెస్టరు పెట్టింది. ఎర్రతీగకు ఆనిస్తే టెస్టరులో దీపం వెలగలేదు. నల్లతీగకు ఆనిస్తే వెలిగింది.

వెంటనే మెయిన్ స్విచ్చు ఆపేసి, "ఎవ్వలు ఏం ముట్టకుండ్రి" అంది.

ముత్తవ్వ గడపలో నిలబడి, "నేను ముందే చెప్పిన" అంది. ఇరుగుపొరుగు వాళ్లు గుమిగూడారు. కృపారాణి టార్చి పట్టుకుని ప్రతి బోర్డూ విప్పి చూసింది. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. ఎక్కడా తేడా లేదు. అప్పుడు లేచి నిలబడింది.

"నా పనిల తప్పు లేదు. బయట లైన్ల ఉంది. స్తంభం కాడ అటుది ఇటు, ఇటుది అటు కలిపిండ్రు."

"మా ఇంట్ల లైట్లు మంచిగనే ఎల్గుతున్నయి గద" అంది పక్కింటి లత.

"ఎల్గుతయి అక్కా. కని ఇప్పుడు స్విచ్చు బందు చేసినా హోల్డర్ల కరెంటు పోదు. చూపిస్త పా."

లత ఇంట్లో మాడిపోయిన బల్బు ఒకటి ఉంది. దాన్ని మార్చాలని లత అప్పటికే స్టూలు వేసి పెట్టుకుంది. కృపారాణి స్విచ్చు ఆపి, స్టూలెక్కి, బల్బు జాగ్రత్తగా తీసి, హోల్డరులో టెస్టరు పెట్టింది. టెస్టరు వెలిగింది. లత రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. ఆ ఇంట్లో అన్నీ ఒకే రంగు తీగలు, ఎన్ని బోర్డులు విప్పినా లోపం ఎక్కడుందో తేలేది కాదు.

కృపారాణి వీధిలోని ప్రతి ఇంటికీ వెళ్లి మెయిన్ ఆపించింది. పోశం దీక్షా శిబిరానికి పోయి, అక్కడ కూర్చున్న లైన్‌మన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. లైన్‌మన్ స్తంభమెక్కి చూసి, ఆమె చెప్పినట్టే ఉందని పైనుంచే చెప్పాడు. సరిచేసి దిగాక అంజవ్వ ఇంట్లోకి వచ్చి విప్పి ఉన్న బోర్డులో తీగలు ఒక్కొక్కటీ చూశాడు.

"ఎవలు చేసిండ్రు గీ వైరింగ్? జగిత్యాలోళ్లా?"

అంజవ్వ నోరు తెరిచేలోపే ముత్తవ్వ ముందుకొచ్చింది. "జగిత్యాలోళ్లు ఎందుకు? మా పోశం బిడ్డ చేసింది. గిదిగో, గీ పిల్లనే."

లైన్‌మన్ చేతులు జోడించాడు. "నీ అసొంటోళ్లు ఊరికొకలుంటె మాకు సగం పని తప్పుతది తల్లీ." పోశం తల వంచుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఐలయ్య దుబాయి నుంచి ఫోన్ చేశాడు. సంగతంతా విని కృపారాణికి ఫోన్ ఇమ్మన్నాడు. "గీడ నేను పనిచేసే కాడ బోర్డు లోపట అన్నీ రాసి, చేసినోని పేరు పెడ్తరు. మనింట్ల గూడ గట్లనే రాయి చెల్లె. నీ పేరు పెద్దగ రాయి."

ఆమె నల్ల స్కెచ్‌పెన్ను తీసుకుని బోర్డు మూత లోపలివైపు రాసింది. ఏ రంగు దేనికో, ఏ గదికి ఎంత మందం తీగ వేసిందో వరుసగా రాసి, కింద 'కృపారాణి, ఎలక్ట్రీషియన్, ఇబ్రహీంపట్నం' అని పెట్టింది. చదువురాని పోశం దగ్గరికి వచ్చి, పేరెక్కడుందో అడిగి, వేలితో ఆ అక్షరాల కింద మెల్లగా గీత గీసినట్టు తడిమాడు. బయట లత, తన ఇంట్లో తీగలు మార్చడం ఎప్పుడు మొదలుపెడతావని అడగడానికి నిలబడి ఉంది.