సిలిండరు మూతికి నూనె

భయపడడానికి గ్రేసమ్మకు కారణం అక్కర్లేదు. కొడుకు ఫోను ఎత్తకపోతే లారీ కింద పడ్డాడనుకునేది. ఎత్తితే, గొంతు అదోలా ఉందని జ్వరం అంటగట్టేది. అలాంటి మనిషి కడుపున పుట్టిన జస్టిన్ పోయి పోయి నీళ్ళ అడుగున ఉద్యోగం చూసుకున్నాడు. విశాఖపట్నంలో ఓ డైవింగు కంపెనీ. ఓడల అడుగులు, వంతెనల కాళ్ళు చూసి రావడం వాళ్ళ పని.

ఆ ఎండాకాలం కంపెనీ వాళ్ళు అతన్ని మొదటిసారి సొంత జిల్లాకు పంపారు. భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఒక పంపుహౌసు ఉంది. నది అడుగు నుంచి దాని బావిలోకి నీళ్ళు తెచ్చే సొరంగంలో కిందటేటి వరదకు ఏదో అడ్డం పడింది. లోపలికి దూరి చూసి రావాలి. జస్టిన్ మీద నమ్మకముంచి, దూరే పని అతనికే అప్పజెప్పాడు పైఅధికారి ఆదినారాయణ. ఆయన నేవీలో చేసి వచ్చిన మనిషి, ఒకరోజు ముందే భద్రాచలం చేరాడు. జస్టిన్ సామానుతో జీపులో వస్తూ దమ్మపేటలో ఇంటి దగ్గర ఆగాడు. జీపుకు తాళం సరిగ్గా పడదని సామాను పెట్టె తెచ్చి ముందరి గదిలో పెట్టాడు.

సాయంత్రం పక్కింటి పద్మావతమ్మ వచ్చి, మూత తెరిచి ఉన్న ఆ పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

“ఏరా జస్టిన్, ఇది వీపుకు కట్టుకుంటే అచ్చం తాబేలులాగే ఉంటావేమోరా!”

“ఇదే అత్తా రీబ్రీదరంటే. మామూలు సిలిండరుతో పోతే విడిచిన గాలి బుడగలై పైకి పోతది. ఆ బుడగలు సొరంగం కప్పుకు తగిలితే తుప్పు, మట్టి రాలి ఏం కనబడదు. ఇదైతే బుడగలు వదలదు. విడిచిన గాలినే సున్నపు గుళికల్లకెళ్ళి తిప్పి, ఇంత ఆక్సిజన్ కలిపి మళ్ళ మనకే ఇస్తది.”

“అంటే నీ ఎంగిలి గాలి నువ్వే పీలుస్తావన్నమాట. ఛీ!”

పద్మావతమ్మ పగలబడి నవ్వింది. గ్రేసమ్మ నవ్వలేదు.

“ఆ గుళికలు పనిచెయ్యకపోతే ఏందిరా?”

“తలనొస్తది, రొప్పొస్తది. వెంటనే పైకి రావాలె.”

“మరి ఆ ఆక్సిజన్ తక్కువైతే?”

“అది మాత్రం తెల్వదమ్మా. హాయిగనే ఉంటది. నిద్రొచ్చినట్టు పడిపోతరు.” అనేశాక తల్లి ముఖం చూసి గతుక్కుమన్నాడు. “మీటరు ఉంటదే. చూసుకుంటనే పోతం. నువ్వు గట్ల చూడకు. పెట్టె మాత్రం ఎవ్వరూ ముట్టొద్దు, సరేనా?”

“అవ్, నాకేం పని,” అంది గ్రేసమ్మ.

నిద్రొచ్చినట్టు పడిపోతరు. ఆ మాట చెవిలో దూరిన చీమలాగా ఆమెను పడుకోనివ్వలేదు. కొట్టుకుంటే, అరిస్తే, ఎవరైనా చూసి లాగుతారు. హాయిగా ఉన్నవాడిని ఎవరు లాగుతారు?

వాళ్ళ ప్రార్థన మందిరంలో శుక్రవారం ఉపవాస కూడిక అయ్యాక పాస్టరు గారు కొబ్బరినూనె సీసాల మీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. ఆ నూనె రోగి నుదుటికి రాసేవారు, గడపకు రాసేవారు, కొత్త ట్రాక్టరు కొంటే దాని చక్రానికీ రాసేవారు. గ్రేసమ్మ అయితే జస్టిన్ పరీక్ష పెన్నుకూ, సైకిలు గంటకూ, నేవీ పరీక్షకు పోయిన చెప్పులకూ రాసింది. నేవీలో ఉద్యోగం రాలేదు. అయినా ఆమె మానలేదు.

తెల్లవారి, కొడుకు లేవకముందే ఆమె పెట్టె తీసింది. గొట్టాలు, సంచులు చూస్తే ఏమీ అర్థం కాలేదు. పక్కన విడిగా చిన్న సిలిండరు ఉంది. కొడుక్కి ఊపిరి వచ్చేది దీన్లోంచే కదా అనుకుంది. దాని మూతికి ప్లాస్టిక్ టోపీ ఉంటే తీసి, ఇత్తడి మర చుట్టూ వేలితో నూనె రాసింది. లోపలికి కూడా ఒక చుక్క జారనిచ్చింది. ‘ప్రభువా, వీడికి నిద్ర రానీయకు,’ అని టోపీ పెట్టేసింది.

జస్టిన్ ఆలస్యంగా లేచి, స్నానం చేసి, నిలబడే రెండు ఇడ్లీలు నోట్లో వేసుకున్నాడు. పెట్టెను తెరవకుండానే జీపెక్కించాడు. తల్లి వెనక సీట్లో ఎక్కి కూర్చుని ఉంది.

“నువ్వెటు?”

“గట్టు మీద కూసుంట. నోరు తెరిస్తే అడుగు.”

గోదావరి పలచబడి, ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నాయి. పంపుహౌసు ఇంజనీరు, నలుగురైదుగురు పనివాళ్ళు గట్టు మీద చేరారు. ఆదినారాయణ గ్రేసమ్మకు కుర్చీ వేయించి, “కూర్చోండమ్మా, మీవాడు ఇవాళ హీరో,” అన్నాడు. జస్టిన్ సిగ్గుపడి తల దించుకున్నాడు. గ్రేసమ్మ గుండె కాస్త కుదుటపడింది.

సబ్బుతో చేతులు కడుక్కుని ఆదినారాయణ సామాను బిగించడం మొదలుపెట్టాడు. గ్రీజు చేతుల పనివాడొకడు సాయం చేద్దామని సిలిండరు మీద చెయ్యి వేయబోయాడు.

“ఆగవయ్యా! నూనె చెయ్యి తగలకూడదు. ఇది వట్టి ఆక్సిజను. మూతి దగ్గర చుక్క నూనె ఉన్నా, వాల్వు తిప్పగానే భగ్గుమంటుంది. ముఖం మిగలదు.”

గ్రేసమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

“జస్టిన్, సిలిండరు మూతి చూశావా?”

“పొద్దున్నే ఇంట్ల అంతా చూసిన సార్. క్లీన్‌గ ఉంది.”

చూడలేదు. పెట్టె కూడా తెరవలేదు. ఆ సంగతి ఆమెకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడు నోరు విప్పితే తన పిచ్చి పనే కాదు, వాడి అబద్ధం కూడా నలుగురిలో బయటపడుతుంది. హీరో అన్న నోటితోనే ఆయన ఏమంటాడో! విప్పకపోతే...

దేనికీ తెగించలేక గుండె మీద చెయ్యి వేసుకుని, “అమ్మో, నొప్పి,” అంది.

జస్టిన్ పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళు తెచ్చారు, తుండుతో విసిరారు. దవాఖానాకు పోదామంటే వద్దంది. చెమటలు నిజంగానే పట్టాయి. “ఇయ్యాల పని వద్దు బిడ్డా, ఇంటికి పోదాం,” అంది.

“భయమే సార్. మా అమ్మకు ఇది మామూలే,” అని చిన్నగా అన్నాడు జస్టిన్, అందరి ముందూ తలెత్తలేక.

“సరే, నువ్వు అమ్మ దగ్గరుండు. ఈలోగా నేను వాల్వు తెరిచి ప్రెజరు చూస్తా,” అంటూ ఆదినారాయణ ప్లాస్టిక్ టోపీ తీసి, రెగ్యులేటరు బిగించాడు. చెయ్యి వాల్వు మీదకు పోయింది.

“ముట్టకు సారూ!” గ్రేసమ్మ కుర్చీ తన్నేసి లేచింది. “నూనె పూసిన! నేనే పూసిన దానికి!”

ఆదినారాయణ చెయ్యి అలాగే వెనక్కి తీసుకున్నాడు. రెగ్యులేటరు విప్పి సిలిండరు మూతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె వాసన. పనివాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి, “తలకు పెట్టుడు మర్చినవేంది పెద్దమ్మా!” అన్నాడు. ఇంజనీరు కసిరితే ఊరుకున్నాడు.

ఆదినారాయణ ఆమెను ఏమీ అనలేదు. జస్టిన్ వైపు తిరిగాడు.

“చూశానన్నావు.”

జస్టిన్ సిలిండరు వైపు చూశాడు.

“అమ్మగారికి తెలియదు. నీకు తెలుసు కదరా. రాత్రంతా ఇంట్లో వదిలేసిన సామాను చూడకుండా చూశానన్నావంటే, రేపు గుళికలు మార్చకుండా మార్చానంటావు. నీటి కింద నీ మాట మీదే కదా ఇంకొకడి ఊపిరి?” గొంతు పెంచలేదు. “సామాను నేను వెనక్కి తీసుకెళ్తా. మళ్ళీ పిలిచేదాకా నువ్వు నీళ్ళలో దిగకు.”

జీపు వెళ్ళిపోయింది. ఇంజనీరు ఎవరికో ఫోనులో, పని ఇవాళ కాదని చెబుతున్నాడు. తల్లీ కొడుకులు బస్టాండుకు నడిచారు. జస్టిన్ నాలుగడుగులు ముందు నడిచాడు. గ్రేసమ్మ అందుకోవాలని చూడలేదు. కొడుకు బతికాడన్న సంతోషం ఆమెకు రావడం లేదు. వస్తే అదో సిగ్గు అనిపించింది.

బస్సు కదలడానికి ఇంకా సమయముంది. చివరి సీట్లో ఆమెకు కిటికీ పక్క చోటు ఇచ్చి జస్టిన్ పక్కన కూర్చున్నాడు.

“గుండె నొప్పి నిజమేనా?” అన్నాడు, ఎటో చూస్తూ.

“కాదు.”

“సార్ సిలిండరు టోపీ తియ్యకముందే చెప్పొచ్చుగద. నాకు చెవుల చెప్పినా అయిపోతుండె.”

“సిగ్గయింది బిడ్డా.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నీ మాట గూడ బయటపడ్తదని...”

అతను ముందు సీటు కడ్డీని గోటితో గీకాడు.

“చూడలేదు సార్ అందామనే అనుకున్న. హీరో అన్నడు గద. నోరు రాలే.”

డ్రైవరు ఎక్కి తలుపు వేశాడు. గ్రేసమ్మ కొడుకు వైపు చూడబోయి, చూడకుండా ఆపుకుంది. అతను కూడా అంతే. ఇద్దరూ ఎదుటి సీటు వెనక ఎవరో గీసిన పేర్లు చదువుతున్నట్టు తలలు వంచుకుని దమ్మపేట దాకా అలాగే వచ్చారు.