పసుపు మీద వంకాయరంగు చార

వేటకు వెళ్లిన పడవ తిరిగొచ్చేటప్పుడు అది ఎవరిదో ఒడ్డు మీది ఆడవాళ్లకు జెండాను బట్టి తెలియాలి. వాకాడు దగ్గర సుభాషిణి వాళ్ల పాలెంలో మాత్రం తెలిసేది కాదు. తిరునాళ్లలో మిగిలిన ఎర్రగుడ్డలే అందరూ వెదురుగడలకు కట్టుకునేవారు. మొగుడు మస్తాన్ పడవ ఒడ్డు తాకేదాకా సుభాషిణికి ప్రాణం కుదుటపడేది కాదు.

అందుకే ఫోనులో జెండాల కంపెనీ ఒకటి కనపడగానే పట్టుకుంది. రంగు మీరే ఎంచుకోండి, చార మీరే గీసుకోండి, పేరు మీరే రాసుకోండి అంది కంపెనీ. అన్నీ మనమే చేసుకుంటే ఇక వాళ్లు చేసేదేమిటో నాకైతే అర్థం కాదు. కానీ తన చేత్తో గీసుకున్నదాని మీద మనిషికుండే మమకారం వేరు. ధర చూడబుద్ధి కాదు. సుభాషిణి ఇంట్లోని గుడ్డలన్నీ మోసుకెళ్లి, అత్త పిచ్చమ్మను నీళ్ల అంచున నిలబెట్టి ఒక్కొక్కటే పట్టించి, తాను దూరంగా ఇసుక దిబ్బ మీద నుంచి చూసింది. నీలం నీళ్లలో కలిసిపోయింది. తెలుపు నురగలో పోయింది. పసుపు మీద ఏటవాలుగా వంకాయరంగు చార పెడితే మాత్రం ఎండలోనూ మబ్బులోనూ నిలిచింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని పిచ్చమ్మ నొప్పెట్టిన చేతులు రుద్దుకుంది.

జెండా వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో మస్తాన్ పేరు. మొదటిసారి ఆ పసుపు అంత దూరాన అలల మీద కనపడినప్పుడు, సుభాషిణి ఇంటికెళ్లి ఎసరు పెట్టి మరీ మొగుడికి ఎదురొచ్చింది. ఆ సుఖం కొద్దిరోజులే.

ఆర్డరు పెట్టేటప్పుడు 'మీ డిజైన్ నలుగురికీ చూపించవచ్చా' అని కంపెనీ అడిగితే మురిసిపోయి సరేనంది. ఆ నలుగురూ ఎక్కడివాళ్లో అడగలేదు. పొరుగింటి నాగులమ్మ ఫోనులోకి అదే జెండా వచ్చింది. 'మీ చుట్టుపక్కలవాళ్లు మెచ్చినది. మీ పేరుతో, మీ కోసమే.' నాగులమ్మ తన మొగుడు పెంచలయ్య పేరు వేయించి తెప్పించుకుంది.

"మా జెండా ఎందుకు పెట్టినావక్కా?" అంది సుభాషిణి.

"పేరు మాదే గదా. ఇంక మీదెట్టా అవుద్ది?" అంది నాగులమ్మ.

పేరు చదవగలిగేసరికి పడవ ఒడ్డుకే వచ్చేసి ఉంటుంది. కొన్నాళ్లకే పాలెంలో సగం పడవల మీద పసుపు ఎగిరింది. ఉలిపికట్టె దారినే ఊరంతా నడిచింది. గిరాకీ వెతుక్కునే శ్రమ కంపెనీకి తప్పింది. ఈ నీళ్ల మీద ఏ రంగు కనపడుతుందో సుభాషిణే కూర్చుని తేల్చిపెట్టింది కదా. ఆమెకు ఒళ్లు మండింది. ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తిరిగింది. పడవలు రాలేదు, ఫోన్లు అందడం లేదు. ఆడవాళ్లంతా ఒడ్డుకు చేరారు. మొదటి పసుపు కనపడగానే సుభాషిణి నీళ్లలోకి పరుగెత్తింది. పక్కనే నాగులమ్మా పరుగెత్తింది. అల లేచి జెండా మాయమైనప్పుడల్లా ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. పడవ దగ్గరికొచ్చాక పెంచలయ్య ముఖం కనపడింది. నాగులమ్మ చెయ్యి వదిలేసి ముందుకెళ్లింది.

ఆ క్షణాన సుభాషిణికి పెంచలయ్య మీద పగ పుట్టింది. బతికొచ్చిన మనిషి మీద పగేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది.

మళ్లీ పసుపు, మళ్లీ పరుగు. ఈసారి దిగింది వేరే ఇంటి పెంచలకృష్ణ. ఆ తర్వాత ఇంకెవరో. ఇక పరుగెత్తడం మాని ఇసుకలో చతికిలబడింది.

"అమ్మే, ఇంకోటి వస్తా ఉండాది. అదీ పసుపుదే," అని పిచ్చమ్మ ఆత్రంగా నీళ్ల వైపు నడిచింది.

సుభాషిణి తలెత్తి చూసింది. తల మోకాళ్ల మీద ఆనించుకుంది.

పడవ ఒడ్డుకు లాగుతున్న కేకలు వినపడ్డాయి. కాసేపటికి తడిసిన లుంగీతో ఒక మనిషి ఇసుకలో నడిచొచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. మస్తాన్.

"ఎప్పుడూ ఎదురొస్తావు గదా. జెండా కనపడలా?"

సుభాషిణి అతని ముఖం రెండు చేతులతో తడిమి చూసుకుంది.

"కనపడింది," అంది. "అందుకే లేవలా."