ఎడమవైపు ఖాళీ జాబితా

తెర మీద బావ నడుపుతున్న వ్యాన్ పచ్చటి చుక్కలా కదులుతోంది. వెనక పెట్టెలో చిన్నపిల్లల టీకాలు. పచ్చ అంటే పెట్టె చల్లగా ఉన్నట్టు; పెట్టె మీది దీపమూ అదే రంగు చూపిస్తుంది. కానీ పెట్టె నుంచి చివరగా వచ్చింది ఖాళీ జాబితా. ఆఫీసులో తెర ముందు కూర్చున్న మరదలు అది చూడగానే కుర్చీలోంచి లేచింది.

ఆ ప్రోగ్రాం పైథాన్ భాషలో రాసింది ఆమే. పెట్టె పంపేది రెంటిలో ఒకటి: లోపాల జాబితా, లేదంటే ఉష్ణోగ్రతల జాబితా. లోపల ఏదైనా ఉంటే చూసి పోల్చుకోవచ్చు. ఏమీ లేకపోతే? లోపాలే లేవా, సెన్సరే చచ్చిందా?

కోడ్ నడవకముందే తప్పులు పట్టే తనిఖీ ప్రోగ్రాములు ఆఫీసులో రెండుండేవి. ఇలాంటి చోట ఒకటి నోరెత్తకుండా, కోడ్‌లో ఎడమవైపు ముందుగా రాసిన రకాన్ని ఎంచుకునేది. రెండోది "ఇది ఏ రకమో తేల్చి రాయండి" అని మొండికేసేది. దానికి అందరూ అత్తగారని పేరు పెట్టారు. పోయిన వారం టీమ్ లీడర్ విసిగిపోయి, "ఈ అత్తగారి నస పడలేను, పీకి పారెయ్ తల్లీ" అన్నాడు. పీకేసింది. ఎడమవైపున్నది లోపాల జాబితా. ఖాళీ అయితే లోపాల్లేనట్టే, పచ్చ చూపించమని ధీమాగా రాసేసింది.

"సార్, అత్తగారు అడిగింది సబబే. వ్యాన్ ఆపించండి," అంది లీడర్‌తో.

"టీకాలు పాడయ్యాయా?"

"తెలీదు."

"కోడ్ సరిచేస్తే తెలుస్తుందిగా?"

"ఇకమీద వచ్చేవాటికి తెలుస్తుంది. వచ్చేసినదాని మీద ఏ రకమో రాసి ఉండదు సార్."

"మరి ఏమని ఆపించమంటావు?" లీడర్ తల పట్టుకున్నాడు.

ఆమె బావకి ఫోన్ చేసింది, కానీ బండి నడిపేటప్పుడు ఎత్తనని బావ అక్కకి మాటిచ్చాడు. చుక్క ఆసుపత్రి దగ్గర ఆగి చాలాసేపయ్యాకే ఎత్తాడు.

"ఏం మరదలా, నన్నే కనిపెట్టుకుని కూర్చున్నావా?"

"పెట్టె ఎక్కడ బావా?"

"ఎప్పుడో లోపలికిచ్చేశా. నీ పచ్చదీపం చూసి నర్సమ్మ మారుమాట లేకుండా తీసుకుంది."

"ఫోన్ ఆవిడకివ్వు. పరిగెత్తు!"

బావ బూట్ల చప్పుడు. ఎవరో పసివాడి ఏడుపు. తర్వాత నర్సు గొంతు.

"చెప్పండమ్మా."

"ఆ టీకాలు వాడకండి."

"ఏం, పాడయ్యాయా?"

"తెలియడం లేదండీ."

"అయ్యో, ఇద్దరికి వేసేశాం కదమ్మా! తల్లులిద్దరూ నా ఎదురుగానే ఉన్నారు. మంచివని చెప్పనా, కాదని చెప్పనా?"

ఆమె తెర మీద ఆ ఖాళీ జాబితాను మళ్లీ తెరిచి చూసింది.

"ఏదో ఒకటి చెప్పండమ్మా, నన్నే చూస్తున్నారు."