గున్వొర్ వాపసిచ్చిన మౌసులు

మూడో మౌసు కూడా గున్వొర్ చేతిలో గెంతింది.

గోడ చాటున నక్కిన శత్రువు తల మీద గురి నిలిపింది కదా, సరిగ్గా నొక్కే క్షణానికి తెర మీది గురి గుర్తు వెంట్రుకవాసి పక్కకి జరిగింది. తూటా వెళ్ళి గోడకి తగిలింది. అటు పక్కనుంచి వచ్చిన తూటాతో తెర ఎర్రబడింది. గున్వొర్ చచ్చింది, అంటే ఆటలో.

"ఏమ్మా డేగకన్నూ, ఆ గోడ నీకేం ద్రోహం చేసింది?" అన్నాడు పక్క కుర్చీలోంచి బిర్యెర్.

"నోరు మూసుకుని నీ ప్రాణం చూసుకో."

"నా ప్రాణం ఎప్పుడో పోయింది. నిన్ను చూస్తూ కూర్చున్నా."

ఉత్తరాన మంచు దేశపు ఊరు పీటెయోలో, లైబ్రరీ కింది గదిలో వారానికి రెండు మధ్యాహ్నాలు కంప్యూటర్ల మీద ఈ కాల్పుల ఆట ఆడతారు వీళ్ళు. అయిదుగురూ పెన్షన్ మనుషులే. జట్టుకి 'ఊలు మేజోళ్ళు' అని పేరు పెట్టుకున్నారు. బిర్యెర్ బస్సు నడిపి రిటైరయ్యాడు. గున్వొర్ కాగితం మిల్లులో క్రేను నడిపింది. అంత ఎత్తున కూర్చుని, దుంగల కట్టని లారీ మీద గుడ్డు పెట్టినట్టు దించేది. ఆ చెయ్యి చూసే జట్టువాళ్ళు దూరం నుంచి గురిపెట్టే పని ఆవిడకిచ్చారు. వచ్చే శనివారం పక్క ఊరు లూలెయోలో పోటీ. పోటీ సంగతి సరే, ఇప్పుడు గున్వొర్ గుండెల్లో గుబులు వేరే ఉంది.

ఆట అయ్యాక ఫీకా. కాఫీ, ఏలకుల బన్నులు, కాసేపు కబుర్లు. కాఫీ పోసే వంతు గున్వొర్‌ది. ఆవిడ ఫ్లాస్కు వైపు చూసి, లేచి, "బాత్రూముకెళ్ళొస్తా, మీరు కానివ్వండి" అంది. తిరిగొచ్చేసరికి కప్పులు నిండి ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. హమ్మయ్య అనుకుంది.

"ఈ మౌసు కూడా బాగాలేదు," అంది బన్ను తుంచుతూ. "సిగ్నలు సరిగ్గా అందట్లేదేమో. ఉన్నట్టుండి గెంతుతోంది."

బిర్యెర్ ఆవిడ వైపు చూశాడు. ఏదో అనబోయి, బన్ను నోట్లో పెట్టుకున్నాడు.

మౌసు మీద అనుమానం రావడానికి కారణాలు లేకపోలేదు. ఆవిడకి ఒక్కటే మౌసు కావాలి. పొద్దున బ్యాంకు బిల్లులు కట్టడానికి, ఫొటోలు సర్దుకోవడానికి, మధ్యాహ్నం ఆటకి, అన్నిటికీ అదే. చిన్నదిగా ఉండాలి, చేసంచిలో పడేసుకోవాలి, తీగ ఉండకూడదు. మొదట కొన్నది అరచేతికి పెద్దదైంది. రెండోది ఈకలా తేలిక, ముట్టుకుంటే చాలు జారిపోతుంది. ఈ మూడోది చూడ్డానికి ముచ్చటగా ఉంది, బొటనవేలి దగ్గర రెండు మీటలు కూడా ఉన్నాయి. ఇదీ గెంతుతోంది. మూడు మౌసులూ చెడ్డవే అవుతాయా? అవచ్చు. ఎందుకవకూడదు? గున్వొర్ ఆ మాటనే పట్టుకుని వేలాడింది.

ఎందుకంటే తప్పు మౌసుది కాకపోతే చేతిది. ఆ రెండో ఆలోచన పేరు బార్బ్రో.

బార్బ్రో ఆవిడ అక్క. అక్కకి మొదట్లో అల్లిక సూదులు జారేవి. సూదులు బాగాలేవని కొత్తవి కొంది. తర్వాత వెదురువి కొంది. తర్వాత లావువి కొంది. చివరికి కుర్చీలో కూర్చుంటే, ఒళ్ళో పెట్టుకున్న కుడి చెయ్యి దానంతటదే కదిలేది. బొటనవేలూ చూపుడువేలూ రొట్టె ముక్కని ఉండ చేస్తున్నట్టు ఒకదాన్నొకటి రాసుకునేవి. అక్క వాటి వైపు చూసేది కాదు, కిటికీలోంచి మంచు చూసేది. ఆ ఉండ చుట్టడం అక్క చచ్చిపోయేదాకా ఆగలేదు.

అందుకే గున్వొర్ ఈ మధ్య తన చేతిని ఊరికే ఒళ్ళో పెట్టుకోవడం మానేసింది. టీవీ చూస్తుంటే చంక కింద దాచుకుంటుంది. పడుకుంటే దిండు కిందికి తోస్తుంది. చూస్తే కదా కనబడేది.

మర్నాడు మధ్యాహ్నం, చలికాలం కాబట్టి అప్పుడే చీకటి పడుతుండగా, మౌసుని అట్టపెట్టెలో మళ్ళీ చక్కగా సర్ది కొట్టుకి వెళ్ళింది. కొన్న వస్తువు నచ్చకపోతే నెలలోపు వాపసివ్వొచ్చు, అక్కడ అది మామూలే. కౌంటరు వెనక అన్నెలీ ఉంది, నలభై దాటిన మనిషి, నవ్వుముఖం. ముందు రెండూ వాపసు తీసుకున్నది కూడా ఆవిడే.

"మళ్ళీనా గున్వొర్? దీనికేమొచ్చింది?"

"గెంతుతోంది."

అన్నెలీ పెట్టె విప్పింది. మౌసుని కొట్టు కంప్యూటరుకి కలిపి, బొమ్మలు గీసే కాగితంలాంటిది తెరిచి, ఈ చివర్నుంచి ఆ చివరికి గీత లాగింది. తెర మీద తాడు బిగించినట్టు తిన్నగా వచ్చింది గీత.

"నా దగ్గర బుద్ధిగానే ఉందే," అంది. "ఏదీ, నువ్వొకటి గియ్యి."

గున్వొర్ చెయ్యి కోటు జేబులోకి వెళ్ళిపోయింది. "వద్దులే. బయట చలికి వేళ్ళు కొయ్యబారాయి."

"సరే అయితే, ఈసారి అంచనా మీద వద్దు, కొలిచే తీసుకుందాం. చిన్న మౌసుల్లో కూడా పొట్టివీ పొడుగువీ ఉంటాయి. చెయ్యి ఇలా పెట్టు."

కౌంటరు మీద తెల్లకాగితం పరిచింది. వెనక ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. మిల్లు మొత్తం చూస్తుండగా క్రేను ఎక్కిన మనిషి, కాగితం మీద చెయ్యి పెట్టడానికి వెనకాడితే ఏం బాగుంటుంది? చేతితొడుగు తీసి, వేళ్ళు చాపి పెట్టింది. పళ్ళు బిగించింది. అన్నెలీ పెన్నుతో మణికట్టు నుంచి మొదలుపెట్టి వేళ్ళ చుట్టూ గీసుకుంటూ పోయింది.

చెయ్యి తీశాక ఇద్దరూ కాగితం చూశారు.

మణికట్టు దగ్గర గీత శుభ్రంగా ఉంది. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లలు గీసినట్టు అలలు అలలుగా ఉంది.

"పాడు పెన్ను," అంది అన్నెలీ మెల్లిగా. "ఎప్పుడూ ఇంతే ఇది."

అదే పెన్నుతో పక్కనే కొలత రాసింది. అంకెలు అచ్చు పోసినట్టు పడ్డాయి. పెన్నులో తప్పేం లేదు. అన్నెలీ తిట్టి ఉన్నా బాగుండేది. పెన్ను మీద నెట్టిందే, గున్వొర్‌కి దానికే భయం వేసింది.

కొత్త పెట్టె చేతిలో పట్టుకుని కారులో కూర్చుంది. తాళం చెవి రెండుసార్లు పక్కకి తగిలింది. చెయ్యి వెంటనే తొడకింద పెట్టేసుకుంది. అద్దం మీద ఎవరో తట్టారు. బిర్యెర్. చేతిలో సరుకుల సంచి.

"కారు స్టార్టవ్వట్లేదా?"

"అవుతుంది."

"మరి దీపాలు లేకుండా ఎవరి మీద గురి పెట్టావు?" అంటూ అటు తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. పెట్టె చూశాడు. "నాలుగోదా?"

"ఊఁ."

బిర్యెర్ సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"గున్వొర్," అన్నాడు. "నువ్వు కాఫీ పోసి నెల దాటింది."

ఆవిడ గిర్రున తిరిగింది. "నీకు తెలుసా?"

"అందరికీ తెలుసు. నిన్న నువ్వు బాత్రూములోకెళ్ళగానే నేనే పోశాను."

"తెలిసి ఒక్కరూ అడగలేదే!"

"నువ్వు చెప్పలేదుగా. అడిగితే బాగుండదేమో అని."

"బాగుండదేమో అనా? ఓరి మొద్దూ! మా అక్కనీ ఇలాగే ఎవరూ అడగలేదు. దానికీ తెలుసు, మాకూ తెలుసు, అయినా నోరు విప్పలేదు." ముందుకి తిరిగి కూర్చుంది. "బిర్యెర్, నాకు చాలా భయంగా ఉంది. ఆ జబ్బేనేమో నాకూ."

అతను ఓదార్చలేదు. ఆ జట్టు మనుషులకది చేతకాదు. ఫోను తీసి వైద్య సలహా నంబరు కొట్టి, స్పీకరు పెట్టి, ఇద్దరి మధ్యా గేరు దగ్గర ఆనించాడు. వరుసలో ఉన్నారని ఒక గొంతు చెబుతూనే ఉంది. పెట్టేద్దామని గున్వొర్ రెండుసార్లు చెయ్యి చాపింది, రెండుసార్లూ అతను ఫోను తన వైపు లాక్కున్నాడు.

చివరికి నర్సు వచ్చింది. గున్వొర్ అంతా చెప్పింది. మౌసులు, కాఫీ, కాగితం మీద గీత, అక్క. నర్సు ఓపిగ్గా విని ఒక ప్రశ్న అడిగింది.

"పని చేసేటప్పుడు వణుకుతోందన్నారు. మరి ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు?"

"తెలీదు."

"తెలీదంటే?"

"చూడలేదు. చూడ్డం నా వల్ల కాలేదు."

"ఇప్పుడు చూడండి. ఒళ్ళో పెట్టుకుని వదిలెయ్యండి. బిగించకండి."

గున్వొర్ చేతిని తొడకింద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెడుతూనే కళ్ళు గట్టిగా మూసుకుంది. "నువ్వు చూడు, బిర్యెర్. నేను చూడను. అబద్ధం చెప్పావంటే చంపేస్తాను."

అతను కారులోని చిన్న దీపం వేశాడు. సంచి చప్పుడైంది, వంగినట్టున్నాడు. రొట్టె ముక్కని ఉండ చేస్తున్న అక్క వేళ్ళు గున్వొర్ కళ్ళ ముందు ఆడాయి. తన వేళ్ళు కదులుతున్నాయో లేదో తనకే తెలియడం లేదు.

"చెప్పవేరా!"

"ఉండు, చూడనీ." సంచి మళ్ళీ చప్పుడైంది. "కదలట్లేదు."

"బొటనవేలు?"

"అదీ కదలట్లేదు. చచ్చిన చేపలా పడుంది."

"ఇంకాసేపు చూడండి," అంది నర్సు. ఇంకాసేపు చూశాడు. అదే మాట చెప్పాడు. ఊరికే ఉన్నప్పుడు వచ్చే వణుకు ఒకటి, పని చేస్తుంటే వచ్చేది ఇంకొకటి, రెండు రకాలుంటాయని, ఇది మీ అక్కది కాకపోవచ్చని, అయితే ఫోనులో తేల్చి చెప్పలేనని, మంగళవారం డాక్టరు చూస్తారని నర్సు చెప్పి పెట్టేసింది.

"మంగళవారం నేను తీసుకెళ్తా," అన్నాడు బిర్యెర్. "శనివారం నీ గురి పని నాకివ్వు."

"నీకా? మనవాళ్ళనే కాల్చేస్తావు నువ్వు."

నవ్వుతూనే అంది. కానీ కళ్ళు తెరిచిన క్షణం నుంచీ ఆవిడ తన ఒళ్ళోని చేతినే చూస్తోంది. ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.