ఢీకొననివ్వని బావ

మా నిదానం బావని నేను ఈ జన్మకి క్షమించను. ఆయనకి వేరే పేరుంది గానీ, ఇల్లు అంటుకున్నా "కుడివైపు తలుపులోంచి నెమ్మదిగా బయటికి రండి" అనే రకం కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. ముప్ఫై ఏళ్ళు ఆయన పని ఒక్కటే. ఆకాశంలో విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడటం. రాడార్ తెర ముందు కూర్చుని, నువ్వు పైకెక్కు, నువ్వు ఎడమకి తిరుగు, నువ్వు కాసేపు ఆగు అని పైలట్లకి చెబుతూ ఉండేవాడు. ఆ పనిలో ఆయనకి తిరుగులేదంటారు. నన్ను ముంచింది ఆ తిరుగులేనితనమే.

నేను ఎనిమిదో తరగతితో బడికో దణ్ణం పెట్టి మోటార్ల వైండింగులో పడ్డవాణ్ణి. అన్నయ్యది రంగుల కొట్టు. ఇద్దరివీ అద్దె షాపులే. నాన్న మెయిన్ రోడ్డు మీద ఒక ఖాళీ స్థలం వదిలి వెళ్ళాడు. పద్దెనిమిది అడుగుల వెడల్పు, ఎనభై అడుగుల పొడుగు. "రోడ్డు వైపు సగం చిన్నాడిది, వెనక సగం పెద్దాడిది" అన్నాడు. మా ఇద్దరి ముందే అన్నాడు. మూడో మనిషి లేడు, అదే వచ్చిన చిక్కు. నాన్న పోగానే అన్నయ్య అడ్డం తిరిగాడు. పొడుగునా చీల్చి చెరో ముక్క తీసుకుందాం అంటాడు. తొమ్మిది అడుగుల షాపులో నాలుగు మోటార్లు పెడితే నేను రోడ్డు మీద నిలబడాలి.

రెండేళ్ళ కిందట ఈ మాట అక్కాబావల ఇంట్లో మొదలై, షోకేసు అద్దం పగిలేదాకా నడిచింది. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. సోమవారం స్థలం పంపకం కాగితాల మీద సంతకాలు, ఎలా పంచాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆదివారం బావ రిటైరైన సందర్భంగా భోజనాలు. మా అన్నయ్య ఎంత మొండివాడైనా, ఎదురుగా నిలబడి "నాన్న ఆ మాట అనలేదా?" అని నలుగురిలో అడిగితే నీళ్ళు నములుతాడే తప్ప అబద్ధమాడలేడు. నాకు కావలసింది ఆ ఎదురుపడటమే. ఒక్క నిమిషం చాలు.

బావ గేటు దగ్గరే కాపు కాశాడు.

"వచ్చావా బావమరిదీ. నువ్వు డాబా మీదికి. వెనక మెట్లెక్కు. హాలు వైపు రావద్దు."

"అన్నయ్య వచ్చాడా?"

"హాల్లో ఉన్నాడు, అందుకే నువ్వు పైన. విమానాలకైతే ఒకదాని మీద ఒకటి వెయ్యి అడుగుల ఎడం ఉంచుతాం. పక్కపక్కనైతే మైళ్ళు. మీకు ఒక స్లాబు చాలనుకుంటున్నా. ఏం చెప్పాను? మళ్ళీ చెప్పు."

"మళ్ళీ చెప్పడమేంటి బావా?"

"పైలట్లు విన్నది తిరిగి అప్పజెబుతారు. సరిగ్గా విన్నారని నాకు తెలియాలిగా."

"పైకి. వెనక మెట్లు. హాలు వైపు రాను."

అప్పజెప్పలేక బడి మానేసినవాణ్ణి, ఈ వయసులో గేటు దగ్గర నిలబడి అప్పజెప్పాను. నాతో వచ్చిన మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా వదిన అప్పటికే అక్కడుంది.

డాబా మీద నేనూ, నీళ్ళ ట్యాంకూ. రెండు మెట్లు దిగానో లేదో ఫోను మోగింది, బావే.

"ఎక్కడికి?"

"మంచినీళ్ళకి."

"పైనే క్యాను పెట్టించాను, చూడు."

కాసేపటికి మళ్ళీ ఫోను. ఐసు తెమ్మని. సరే, వచ్చేటప్పుడు ముందు తలుపులోంచి దూరదామనుకుని స్కూటరేసుకుని పోయాను. తిరిగి వీధి మలుపుకి వచ్చేసరికి మళ్ళీ ఆయనే.

"వరండాలో మీ అన్నయ్య ఉన్నాడు. ఇంకో రౌండు కొట్టు."

"ఐసు కరిగిపోతుంది బావా!"

"దిగడానికి చోటు లేనప్పుడు విమానాలూ అలాగే తిరుగుతాయి. పెట్రోలు ఉందా?"

"ఉంది."

"అయితే రెండు కొట్టు."

ఇస్త్రీ షాపతను మొదటిసారి నవ్వాడు. రెండోసారి "ఏం సార్, ఇల్లు మర్చిపోయారా?" అన్నాడు. చివరికి నేను ఇంట్లోకి తెచ్చింది చల్లనీళ్ళు. అదీ వెనక మెట్ల మీదుగానే.

భోజనాలు మొదలయ్యాయి. మా ఆవిడ నాకు పళ్ళెం పట్టుకుని పైకొచ్చింది. కింద ఆఫీసువాళ్ళు బావ చేతికి వాచీ తొడుగుతూ ఫొటోలు దిగుతున్నారు. ఇదే అదను అనుకుని, పళ్ళెం గోడ మీద పెట్టి లోపలి మెట్లు గబగబా దిగాను. అదే మెట్ల మీద, ఫోను సిగ్నల్ కోసమో ఏమో, అన్నయ్య ఎక్కుతున్నాడు. మలుపు దగ్గర ఎదురుపడ్డాం. మూడు మెట్ల దూరం. ఆయన నోరు తెరిచాడు. నేనూ తెరిచాను.

"ఏమండీ! పైకి రండి, అర్జంటు!" పైనుంచి మా ఆవిడ.

"ఏమండీ! మీరు కిందికి దిగండి, చప్పున!" కిందినుంచి మా వదిన.

రెండూ ఒక్కసారే. ఏళ్ళ తరబడి కాపురం చేసిన కాళ్ళు కదా, బుర్ర ఆలోచించేలోపే పైకి తిరిగాయి. అన్నయ్య కాళ్ళు కిందికి తిరిగాయి.

బావ ఆయాసపడుతూ డాబా మీదికి వచ్చాడు. ఆయన ఆయాసపడగా చూడటం అదే మొదలు.

"తప్పు నాదే, ఫొటోలో పడి చూసుకోలేదు. అయినా ఆ రెండు కేకలూ ఏం పనిచేశాయిరా! పెద్ద విమానాల్లో ఒక పెట్టె ఉంటుంది. మేం పొరపాటు పడి రెండు మరీ దగ్గరికొచ్చాయనుకో, ఒక దాంట్లో పెట్టె ఎక్కు అంటుంది, రెండో దాంట్లోది దిగు అంటుంది. ఆ క్షణంలో మేం ఏం చెప్పినా పైలట్ వినకూడదు. పెట్టె మాటే వినాలి."

"రెండు పెట్టెలూ ఎక్కమంటే?"

"అనవు. ముందే ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి."

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ట్యాంకు వైపు చూస్తోంది.

"ఎప్పట్నుంచి మాట్లాడుకుంటున్నారే?"

"ఫోన్లోనా? రెండేళ్ళ నుంచి, దొంగల్లాగా. ఎదురుగానైతే ఇవాళే. మీరు ఐసు పట్టుకుని ఊరంతా తిరిగారుగా, తీరిగ్గా తేల్చుకున్నాం. స్థలం పొడుగునా చెరి సగం. మధ్య గోడ ఖర్చు ఇద్దరిదీ. మీ అన్నయ్య సరేనన్నారు."

"నేననలేదుగా!"

"మీ తరఫున నేనన్నాను. మీరిద్దరూ మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు, మేం మాట్లాడుకోవాలి."

"మరి నాన్న అన్న మాట?"

"'నాన్న అన్నాడు, నిజమే, కానీ వెనక ముక్కతో నేనేం చేసుకోను' అని మీ అన్నయ్య మీ వదినతో ఒప్పుకున్నారట."

ఒప్పుకున్నాడట! నా ముఖం మీద, నలుగురిలో ఒప్పుకోవలసిన మాట వంటింట్లో ఒప్పుకున్నాడు. గేటు దగ్గరే మమ్మల్ని గుద్దుకోనిచ్చి ఉంటే ఇంకో అద్దం పోయేది, స్థలం నిలిచేది.

"చూశావా, ఎవరికీ దెబ్బ తగల్లేదు," అన్నాడు బావ తృప్తిగా.

రోజూ మా ఆవిడ చేతి వంటే తినాలి కదా. సోమవారం వెళ్ళి సంతకం పెట్టాను. బల్లకి ఆ చివర అన్నయ్య, ఈ చివర నేను, మధ్యలో కుర్చీ వేసుకుని బావ. గజాల లెక్కన నాకు రావలసిన ఎనభై గజాలూ వచ్చాయి. పోయింది రోడ్డు మీద తొమ్మిది అడుగులు.